ఖరీదైన ఇన్-ఇయర్ మానిటర్లు: పేరు చూసి కాదు, చెవి చూసి కొనాలి

లక్ష రూపాయలు పెట్టి బైకు కొనేవాడు ముందు షోరూంకి వెళ్లి నడిపి చూస్తాడు. సీటు ఎత్తు సరిపోయిందా, కాళ్లు నేలకు ఆనుతున్నాయా అని చూసుకుంటాడు. అదే లక్ష రూపాయల ఇయర్‌ఫోన్ కొనేటప్పుడు మాత్రం చాలామంది చెవిలో పెట్టి చూడకుండానే ఆర్డర్ పెట్టేస్తున్నారు. నాలుగు వీడియోలు చూస్తారు, రెండు గ్రాఫులు చూస్తారు, గల్ఫ్‌లో ఉన్న అన్నయ్యకో బావకో ఫోన్ చేసి తెప్పించుకుంటారు. వారం తిరగకముందే అసలు సంగతి బయటపడుతుంది. ఒక చెవి నొప్పి పుడుతుంది, లేదా బేస్ వినిపించదు, లేదా అరగంటకోసారి తీసి మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది.

తప్పు వస్తువుది కాకపోవచ్చు. ఆ వస్తువుకు, ఆ చెవికి పొత్తు కుదరలేదు, అంతే. ఇన్-ఇయర్ మానిటర్ల విషయంలో ధ్వని, సౌకర్యం రెండు వేర్వేరు సంగతులు కావు. చెవిలో సరిగ్గా కూర్చుంటేనే అది సరిగ్గా వినిపిస్తుంది. ఈ రంగంలో పేరున్న నాలుగు మోడళ్లను ఉదాహరణగా తీసుకుని, ఎంచుకునేటప్పుడు ఏం చూడాలో ఇక్కడ వరుసగా తెలుసుకుందాం.

ఇన్-ఇయర్ మానిటర్ అంటే ఏమిటి?

స్టేజీ మీద పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు తమ శబ్దం తమకు వినిపించాలి. అందుకోసం పూర్వం కాళ్ల దగ్గర స్పీకర్లు పెట్టేవారు. వాటినే మానిటర్లు అంటారు. డ్రమ్స్, గిటార్ల హోరులో అవి వినపడక వాటి సౌండ్ ఇంకా పెంచేవారు. దాంతో చెవులు దెబ్బతినేవి. అదే మానిటర్‌ని చెవి లోపలే పెడితే బయటి హోరు తగ్గుతుంది, తక్కువ సౌండ్‌తోనే పని జరుగుతుంది. ఇన్-ఇయర్ మానిటర్ పుట్టింది ఈ అవసరంలోంచే.

ఈ ప్రయోగాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. 1995లో వాన్ హేలెన్ బ్యాండ్‌కు సౌండ్ ఇంజినీరుగా ఉన్న జెర్రీ హార్వీ, ఆ బ్యాండ్ డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం చెవి అచ్చు తీసి మానిటర్లు తయారుచేశాడు. అల్టిమేట్ ఇయర్స్ అనే కంపెనీ అలా మొదలైంది. మరోవైపు, వినికిడి శాస్త్రవేత్త మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ రీసెర్చ్ 1991లో ఈఆర్4 అనే మోడల్ తెచ్చింది. ఇది స్టేజీ కోసం కాకుండా, ఇంట్లో కూర్చుని ఉన్నది ఉన్నట్టు వినాలనుకునేవారి కోసం.

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ పరిశ్రమకు మూలం వినికిడి యంత్రాల్లో ఉంది. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే చిన్న స్పీకర్ మొదట వినికిడి యంత్రాల కోసం వాడినదే. సెన్‌హైజర్ కంపెనీ హెడ్‌ఫోన్ల వ్యాపారం కూడా 2022లో సొనోవా చేతికి వెళ్లింది. సొనోవా స్విట్జర్లాండ్‌కు చెందిన వినికిడి యంత్రాల కంపెనీ.

లోపల ఉండేది ఏమిటి?

శబ్దాన్ని పుట్టించే భాగాన్ని డ్రైవర్ అంటారు. ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

డైనమిక్ డ్రైవర్: మామూలు స్పీకర్ లాంటిదే, సైజు మాత్రం చిన్నది. పలుచటి పొర ముందుకు వెనక్కు కదిలి గాలిని తోస్తుంది. ఢోలక్ దెబ్బ, తబలా బాయాన్ గుమకం లాంటివి ఇందులో సహజంగా అనిపిస్తాయని చాలామంది అంటారు.

బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్: అయస్కాంతాల మధ్య సన్నటి లోహపు రేకు కదులుతుంది. చాలా చిన్నది కాబట్టి ఒకే షెల్‌లో నాలుగు, ఎనిమిది, పన్నెండు కూడా పెట్టొచ్చు. బేస్‌కి కొన్ని, గొంతుకి కొన్ని, పై స్వరాలకు కొన్ని అని పని పంచుతారు. పంచే పని చేసే సర్క్యూట్‌ని క్రాసోవర్ అంటారు.

ప్లానార్, ఎలక్ట్రోస్టాటిక్: పలుచటి పొర మొత్తం ఒకేసారి కదిలే పద్ధతులివి. ఎలక్ట్రోస్టాటిక్ రకాన్ని ఎక్కువగా పై స్వరాలకే వాడి, మిగతా పనికి వేరే డ్రైవర్లు కలుపుతారు. ఇలా రెండు మూడు రకాలు కలిపినదాన్ని హైబ్రిడ్ అంటారు.

డ్రైవర్లు ఎక్కువ ఉంటే సౌండ్ బాగుంటుందనేది అపోహ. వంటమనుషులు పన్నెండు మంది ఉన్నంత మాత్రాన బిర్యానీ కుదరదు కదా. ఒక్క డ్రైవర్‌తో గొప్పగా పలికే మానిటర్లు ఉన్నాయి, పది డ్రైవర్లు పెట్టినా గొంతు ఒక దారి, వాద్యం ఒక దారి అయినవీ ఉన్నాయి. కంపెనీ వాటిని ఎలా శ్రుతి చేసింది అన్నదే ముఖ్యం.

చెవి నాళం చెప్పే లెక్క

పెద్దవాళ్ల చెవి నాళం దాదాపు 2.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. బయటి భాగం మెత్తటి మృదులాస్థి, లోపలి భాగం ఎముక. ఆ ఎముక మీద చర్మం చాలా పలుచన. అందుకే టిప్ కొంచెం లోతుకు వెళ్తే కొందరికి వెంటనే నొప్పి తెలుస్తుంది. నాళం తిన్నగా కూడా ఉండదు, వంపులు ఉంటాయి. చాలామందికి కుడి చెవి, ఎడమ చెవి ఒకే సైజులో ఉండవు. దవడ కదిలినప్పుడల్లా నాళం ఆకారం కొంచెం మారుతుంది కూడా.

టిప్‌కి, నాళం గోడకి మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా గాలి బయటకు పోతుంది. గాలి పోతే మొదట పోయేది బేస్. లక్షన్నర పెట్టి కొన్న మానిటర్ పాత రేడియోలా కీచుగా వినిపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. కొనుక్కున్నాయన మాత్రం ఫలానా మోడల్‌లో బేస్ లేదని తీర్పు చెప్పేస్తాడు.

ఇంకో లెక్క ఉంది. తెరిచి ఉన్న చెవి నాళం 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాలను తనంతట తానే పెంచి వినిపిస్తుంది. మనిషి మాట స్పష్టతకు ఈ ప్రాంతం చాలా ముఖ్యం. చెవిని మూసేస్తే ఆ సహజమైన పెంపు మారిపోతుంది. కాబట్టి మానిటర్ తయారుచేసేవాళ్లు ఆ లోటును తామే పూడ్చాలి. ఎంత పూడ్చాలనే దానిపై హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టి బృందం శ్రోతలతో పరీక్షలు చేసింది. ఎక్కువమంది ఇష్టపడిన గీతను హార్మన్ టార్గెట్ అంటారు. రివ్యూల్లో కనిపించే గ్రాఫుల్లో పక్కన చుక్కల గీత ఒకటి ఉంటుంది. చాలాసార్లు అది ఇదే, లేదా ఇలాంటిదే.

గ్రాఫు పనికొస్తుంది, కానీ దాన్ని కొలిచింది యంత్రపు చెవిలో. మీ చెవిలో టిప్ ఎంత లోతుకు వెళ్తుందనే దాన్నిబట్టి పై స్వరాల శిఖరం అటూ ఇటూ జరుగుతుంది. ఒకరికి మధురంగా ఉన్నది ఇంకొకరికి చెవిలో గుచ్చినట్టు ఉండటానికి కారణం అదే.

నాలుగు మోడళ్లు, నాలుగు దారులు

మార్కెట్‌లో వందల రకాలున్నాయి. వాటిలో నాలుగు వేర్వేరు ఆలోచనలకు ప్రతినిధులుగా ఈ నాలుగింటిని చూడొచ్చు. ధరలు అమెరికాలో విడుదలనాటివి. ఇక్కడికి వచ్చేసరికి పన్నులతో లెక్క మారుతుంది.

ఎటిమోటిక్ ఈఆర్4ఎస్ఆర్: 1991 నాటి ఈఆర్4కి వారసుడు. 2016లో 349 డాలర్లకు వచ్చింది. ఈ జాబితాలో అన్నిటికన్నా చవక. ఒక్క చెవికి ఒక్క బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ మాత్రమే. మూడు గొడుగుల టిప్‌తో చెవిలో లోతుగా దిగుతుంది. బయటి శబ్దాన్ని 35 నుంచి 42 డెసిబెల్ దాకా ఆపుతుందని కంపెనీ చెబుతుంది. బేస్ తక్కువ, గొంతు మాత్రం అద్దంలా స్పష్టం. ప్రసంగాలు, తిలావత్, గజల్ వినేవారికి, రికార్డింగు తప్పులు వెతికేవారికి బాగుంటుంది. చిక్కల్లా ఆ లోతే. కొందరు రెండు రోజుల్లో అలవాటు పడతారు, కొందరు జన్మలో పడలేరు.

షూర్ ఎస్ఈ846: 2013లో 999 డాలర్లకు వచ్చింది, 2022లో రెండో తరం విడుదలైంది. చెవికి నాలుగు ఆర్మేచర్లు. లోపల స్టీలు రేకులు పేర్చి చేసిన ఫిల్టర్ వల్ల బేస్ గుండ్రంగా, నిండుగా ఉంటుంది. నాజిల్ ముక్క మార్చి ధ్వనిని కొంచెం అటూ ఇటూ చేసుకోవచ్చు. బయటి శబ్దాన్ని 37 డెసిబెల్ దాకా ఆపుతుందని కంపెనీ లెక్క. చల్లటి తళుకు కోరేవారికి పై స్వరాలు తక్కువ అనిపించొచ్చు. నాజిల్ సన్నం కాబట్టి దానికి పట్టే టిప్స్‌నే వెతుక్కోవాలి.

సెన్‌హైజర్ ఐఈ 900: 2021లో దాదాపు 1,300 డాలర్లకు వచ్చింది. ఒకే ఒక్క 7 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవర్. అల్యూమినియం దిమ్మను చెక్కి చేసిన చిన్న షెల్. లోపలే చిన్న చిన్న గదులు చెక్కి అనవసరపు ప్రతిధ్వనిని తగ్గించారు. బేస్ లోతుగా, పై స్వరాలు మెరుపుగా ఉంటాయి. చిన్న చెవులవారికి సౌకర్యం విషయంలో ఈ నాలుగింటిలో ముందు ప్రయత్నించదగ్గది ఇదే. ఇందులో కేబుల్ సాకెట్ కొంచెం లోపలికి ఉంటుంది. బయట దొరికే ప్రతి ఎంఎంసీఎక్స్ కేబుల్ దీనికి పట్టదు.

64 ఆడియో యూ12టీ: దాదాపు 2,000 డాలర్లు. చెవికి పన్నెండు ఆర్మేచర్లు. దీని ప్రత్యేకత ఎపెక్స్ అనే చిన్న మాడ్యూల్. చెవిలో గాలి బిగుసుకుపోకుండా కొంచెం వదులుతుంది. ఎం20 పెడితే బయటి శబ్దం 20 డెసిబెల్, ఎం15 పెడితే 15 డెసిబెల్ తగ్గుతుందని కంపెనీ చెబుతుంది. గంటల తరబడి వినేవారికి చెవిలో బరువు తగ్గినట్టు అనిపించడమే దీని బలం. ధ్వని ఏ వైపూ మొగ్గకుండా సమంగా ఉంటుంది. షెల్ మాత్రం ఐఈ 900 కన్నా పెద్దది, నాజిల్ లావు. సన్నటి నాళం ఉన్నవారు పెట్టి చూడకుండా కొనకూడదు.

ధర పెరిగినకొద్దీ ధ్వని అదే లెక్కన పెరగదు. ఇప్పుడు 20 డాలర్లకు దొరికే సెవెన్ హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో లాంటివి కూడా గొంతును చక్కగా పలికిస్తున్నాయి. వందరెట్లు ధర పెట్టినవాడికి వందరెట్లు ఆనందం రాదు. వచ్చేది వివరం, వాద్యాల మధ్య ఎడం, తయారీ నాణ్యత. అవి మీకు అక్కరకు వస్తాయా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి.

టిప్స్: అసలు మరమ్మతు ఇక్కడే

కొత్త మానిటర్ నచ్చకపోతే అమ్మేయడానికి ముందు టిప్స్ మార్చి చూడాలి. డబ్బాలోనే మూడు సైజులు ఇస్తారు. కుడికి ఒక సైజు, ఎడమకు ఇంకో సైజు వాడటంలో తప్పేమీ లేదు.

సిలికాన్ టిప్ కడుక్కోవడానికి తేలిక, ఎక్కువ కాలం వస్తుంది. ఫోమ్ టిప్ వేళ్లతో నలిపి పెడితే లోపల ఉబ్బి నాళాన్ని నింపుతుంది. బయటి శబ్దం బాగా ఆగుతుంది, మెత్తగా ఉంటుంది. కానీ పై స్వరాలు కొంచెం మెత్తబడతాయి, కొన్ని నెలలకే పాడవుతాయి. మన ఎండలకు, చెమటకు ఇంకా త్వరగా పోతాయి.

పెట్టుకునే పద్ధతి కూడా ముఖ్యం. ఎదుటి చేత్తో తల వెనుక నుంచి చెవిని పైకి, వెనక్కు లాగి, నాళం తిన్నగా అయ్యాక మానిటర్‌ని మెల్లగా తిప్పుతూ లోపలికి పంపాలి. ఫోమ్ అయితే అర నిమిషం పట్టుకుని ఉండాలి. సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి గట్టిగా ఏదైనా మాట అనండి. మీ గొంతు తల లోపల గుయ్‌మని మోగితే సందు లేదన్నమాట. రెండు వైపులా ఒకేలా మోగాలి.

చెవిలో పెడుతున్నప్పుడు డైనమిక్ డ్రైవర్లలో చిటపటమని శబ్దం రావచ్చు. గాలి ఒత్తిడికి పొర వంగినప్పుడు వచ్చేది అది. మెల్లగా పెడితే తగ్గుతుంది.

సౌకర్యాన్ని ఎలా పరీక్షించాలి?

షాపులో రెండు నిమిషాలు పెట్టి బాగుందనుకోవడం సరిపోదు. నొప్పి సాధారణంగా అరగంట దాటాకే మొదలవుతుంది. కనీసం నలభై నిమిషాలు తీయకుండా ఉంచాలి. ఆ సమయంలో ఇవి చేసి చూడాలి.

మాట్లాడండి, ఏదైనా నమలండి. దవడ కదిలితే టిప్ జారుతుందేమో తెలుస్తుంది.

నడవండి, మెట్లు ఎక్కండి. చెవులు మూసుకుంటే అడుగుల చప్పుడు, కేబుల్ రాపిడి లోపల పెద్దగా వినిపిస్తాయి. కొందరికి అది ఏమీ అనిపించదు, కొందరు అసలు భరించలేరు.

కళ్లజోడు ఉంటే పెట్టుకునే చూడండి. ఈ మానిటర్ల కేబుల్ చెవి పై నుంచి వెనక్కు తిరుగుతుంది. కళ్లజోడు కాడ, కేబుల్ ఒకేచోట ఒత్తుకుంటాయి.

హిజాబ్ వేసుకునేవారు హిజాబ్‌తోనే పరీక్షించాలి. గుడ్డ బిగుతుగా ఉంటే షెల్‌ని లోపలికి నొక్కుతుంది. బయటకు పొడుచుకొచ్చే పెద్ద షెల్ అయితే చెవి తమ్మె పక్కన నొప్పి వస్తుంది. ఇలాంటివారికి పలుచటి చిన్న షెల్ నయం. పడుకుని వినేవారికి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

ఏ చెవికి ఎక్కడ నొప్పి పుట్టిందో గుర్తుపెట్టుకోండి. నాళం లోపల నొప్పి అయితే టిప్ మారిస్తే పోవచ్చు. బయటి డొప్ప దగ్గర షెల్ ఒత్తుకుంటే టిప్ మార్చినా పోదు. ఆ మోడల్ ఎంత గొప్పదైనా వదిలేయడమే మేలు.

కస్టమ్ చేయించుకుంటే?

చెవి అచ్చు తీయించి చేసేవి కస్టమ్ మానిటర్లు. ఆడియాలజిస్ట్ ముందు చెవి లోపల చూసి, కర్ణభేరికి తగలకుండా చిన్న ఫోమ్ అడ్డం పెట్టి, సిలికాన్ ముద్ద నింపుతారు. అది గట్టిపడ్డాక తీసి కంపెనీకి పంపుతారు. పాడేవాళ్లయితే నోరు తెరిచి అచ్చు ఇవ్వాలి. లేకపోతే పాడేటప్పుడు సందు పడుతుంది. వినికిడి యంత్రాలు అమర్చే కేంద్రాల్లో ఈ పని తెలిసినవాళ్లు ఉంటారు.

చెవిలో గులిమి పేరుకుని ఉన్నా, చీము కారుతున్నా, కర్ణభేరికి రంధ్రం ఉన్నా అచ్చు తీయించుకోకూడదు. ముందు ఈఎన్‌టీ డాక్టరును కలవాలి.

కస్టమ్‌లో లాభం గట్టి పట్టు, నష్టం అమ్ముకోలేకపోవడం. వేరేవాళ్ల చెవికి అది పట్టదు. అచ్చు తేడా వస్తే మళ్లీ పంపి సరిచేయించుకోవాలి. ఏ మామూలు టిప్ కూడా పట్టని చెవులవారికి, స్టేజీ మీద రోజూ పనిచేసేవారికి ఇది తగిన దారి. సరదాగా వినేవారు ముందు మామూలు షెల్‌తో ప్రయత్నించడం మంచిది.

ఫోనుకు తగిలిస్తే పలుకుతుందా?

ఈ మానిటర్లకు పెద్ద శక్తి అక్కర్లేదు. వీటిలో ఎక్కువ భాగం ఫోనుతోనే గట్టిగా పలుకుతాయి. చిక్కు వేరేచోట ఉంది. ప్రతి ఆంప్లిఫయర్‌కి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అని ఒక అంకె ఉంటుంది. అది మానిటర్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదని ఒక వాడుక లెక్క. షూర్ ఎస్ఈ846 ఇంపెడెన్స్ 9 ఓమ్‌లు. అంటే ఫోనువైపు ఒక ఓమ్ దగ్గరే ఉండాలి. పది ఓమ్‌ల పాత ఆంప్లిఫయర్‌కి తగిలిస్తే ధ్వని రంగే మారిపోతుంది. ఈఆర్4ఎస్ఆర్ 45 ఓమ్‌లు, ఒకే డ్రైవర్, కాబట్టి దానికి ఇంత పట్టింపు లేదు. యూ12టీలో ఈ తేడా రాకుండా ఎల్ఐడీ అనే ఏర్పాటు ఉంది.

సున్నితమైన మానిటర్లలో పాట లేనప్పుడు సన్నటి సొయ్ అనే శబ్దం వినిపిస్తుంది. అది మానిటర్ లోపం కాదు, ఫోనుదో డాంగిల్‌దో. 3.5 మిల్లీమీటర్ల జాక్ లేని ఫోన్లకు మంచి యూఎస్‌బీ డాంగిల్ ఒకటి చాలు. మానిటర్ కన్నా ముందే పెద్ద ఆంప్లిఫయర్ కొనడం డబ్బు దండగ.

విని తేల్చుకోవడం

రెండింటిని పోల్చేటప్పుడు సౌండ్ సమానంగా ఉండాలి. కొంచెం గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది. ఈ ఒక్క పొరపాటు వల్లే చాలా తీర్పులు తారుమారవుతాయి.

మీకు బాగా తెలిసిన రికార్డింగులనే వాడండి. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు, తాళం ఎక్కువున్నది ఒకటి, గుంపుగా పాడేది ఒకటి ఉంటే చాలు. ఖవ్వాలీ మంచి పరీక్ష. నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఆలాపన నడుస్తుండగా వెనుక చప్పట్లు, హార్మోనియం, తబలా వేటికవి విడిగా వినిపిస్తున్నాయా, గొంతు పైకి వెళ్లినప్పుడు చెవిలో గుచ్చుతోందా అని చూడాలి. 1950ల నాటి ఘంటసాల పాటలు వినేవారికి ఒక హెచ్చరిక. అవి మోనో రికార్డింగులు. ఖరీదైన మానిటర్ వాటిని మెరుగుపరచదు. పైపెచ్చు టేపు హోరుని కూడా బయటపెడుతుంది. అలాంటి వినికిడికి పై స్వరాలు మెత్తగా ఉండే మోడల్ హాయి.

మొదటి రోజు తీర్పు చెప్పకండి. చెవి కొత్త ధ్వనికి సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. నొప్పి విషయంలో మాత్రం ఈ మాట పనిచేయదు. సౌండ్‌కి అలవాటు పడొచ్చు గానీ నొప్పికి అలవాటు పడకూడదు.

అసలు విలువైనది చెవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినొచ్చు. 90 డెసిబెల్ అయితే వారానికి 4 గంటలే. 100 డెసిబెల్ అయితే 20 నిమిషాలే. ప్రతి 3 డెసిబెల్ పెరుగుదలకు సమయం సగానికి పడిపోతుంది. లోపలి చెవిలోని సన్నటి కేశకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ముందు పోయేది పై స్వరాలు. మాటలు వినిపిస్తాయి కానీ అర్థం కావు. కొందరికి రాత్రింబవళ్లు చెవిలో హోరు ఉండిపోతుంది. దాన్ని టిన్నిటస్ అంటారు.

సరైన పట్టు ఉన్న మానిటర్ ఇక్కడ మేలు చేస్తుంది. బస్సులో చుట్టూ 80 డెసిబెల్ హోరు ఉందనుకుందాం. మామూలు ఇయర్‌ఫోన్‌తో పాట వినాలంటే దాన్ని మించి పెంచాలి. 25 డెసిబెల్ ఆపే మానిటర్ పెడితే లోపలికి వచ్చేది 55 డెసిబెల్. అప్పుడు పాట తక్కువ సౌండ్‌లోనే స్పష్టంగా వినిపిస్తుంది. టిప్ వదులుగా ఉంటే ఈ లాభం మొత్తం పోతుంది, వేలు మళ్లీ వాల్యూం బటన్ మీదకే వెళ్తుంది. అంటే సరిపడని టిప్ ధ్వనితోపాటు చెవిని కూడా పాడుచేస్తుంది.

ఇదే లాభం రోడ్డు మీద ప్రమాదం. బయటి శబ్దం ఇంత బాగా ఆగితే హారన్ కూడా వినపడదు. బండి నడిపేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర వీటిని తీసేయాలి.

శుభ్రం కూడా చూసుకోవాలి. వారానికోసారి సిలికాన్ టిప్స్ తీసి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. నాజిల్ జాలీలో గులిమి పట్టుకుంటే ఒకవైపు సౌండ్ తగ్గుతుంది. డ్రైవర్ పోయిందని కంగారు పడకుండా ముందు జాలీ చూడాలి. ఒకరి టిప్స్ ఇంకొకరు వాడకూడదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా టిప్స్ మాత్రం కొత్తవే వేసుకోవాలి.

డబ్బు కట్టే ముందు

దుబాయ్ నుంచో అమెరికా నుంచో తెప్పిస్తే ధర తగ్గొచ్చు. కానీ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కంపెనీని అడగాలి. ఎన్నో కంపెనీలు కొన్న దేశంలోనే సర్వీసు ఇస్తాయి. బిల్లు తప్పనిసరిగా దాచుకోవాలి.

పేరున్న మోడళ్లకు నకిలీలు ఉంటాయి. సగం ధరకే ఇస్తామంటే అనుమానించాలి. కంపెనీ సైట్‌లో పేరున్న డీలర్ దగ్గరే కొనడం క్షేమం.

విడదీసే కేబుల్ ఉన్నదే తీసుకోవాలి. ముందు పాడయ్యేది కేబులే. ఎంఎంసీఎక్స్ గుండ్రంగా తిరుగుతుంది, పదేపదే ఊడదీస్తే వదులవుతుంది. రెండు పిన్నుల రకంలో పిన్ను వంగకుండా జాగ్రత్తపడాలి.

షాపు వాపసు తీసుకుంటుందా, ఎన్ని రోజుల్లో తీసుకుంటుంది అని కూడా అడగాలి. చెవిలో పెట్టిన వస్తువని కొందరు తీసుకోరు. అలాంటప్పుడు విని చూసే వీలున్న చోటికి ప్రయాణం పెట్టుకుని వెళ్లినా ఆ ఖర్చు దండగ కాదు.

చివరికి ఎవరికి ఏది?

చిన్న చెవులు, పలుచటి షెల్ కావాలంటే ఐఈ 900 నుంచి మొదలుపెట్టండి. ఎక్కువ గంటలు వింటూ, చెవిలో గాలి బిగుసుకున్నట్టు ఉండేది భరించలేనివారు యూ12టీ పెట్టి చూడాలి, నాజిల్ లావు పట్టించుకోవాలి. ప్రయాణాల్లో వినేవారికి, నిండైన బేస్ ఇష్టమైనవారికి ఎస్ఈ846 నప్పుతుంది. గొంతు స్పష్టతే ముఖ్యం, లోతుగా పెట్టుకోవడం ఇబ్బంది కాదు అనుకుంటే ఈఆర్4ఎస్ఆర్ చాలు, మిగతా డబ్బు జేబులోనే ఉంటుంది.

రెండు మోడళ్ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే చిన్న ఉపాయం ఉంది. ఏది పెట్టుకున్నప్పుడు వాల్యూం తక్కువలోనే తృప్తిగా వినగలిగారో, ఏది పెట్టుకుని గంట గడిచినా చెవిలో ఉన్న సంగతే మరిచిపోయారో అదే మీది. దాని ధర రెండోదానికన్నా తక్కువ అయితే ఇంకా మంచిది.